పాల పరిశ్రమలో ఉద్యోగాలు, వేతనాలు: నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం

పాల పరిశ్రమ ఉద్యోగాలు అనగా పాలను రైతు ఇంటి నుండి సేకరించి, పరీక్షించి, చల్లబరచి, శుద్ధి చేసి, ప్యాకెట్లలో నింపి, లేదా పెరుగు, నెయ్యి, పాలపొడి వంటి పదార్థాలుగా మార్చి వినియోగదారునికి చేర్చే క్రమంలో లభించే పనులు. ఈ వ్యాసంలో ఆ పనుల స్వరూపం, వాటికి లభించే ప్రతిఫలం, కార్మికులకు వర్తించే చట్టాలు నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని వివరించబడ్డాయి. ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉండేవి. ఆనాటి జిల్లాల పునర్విభజనలో ఇవి విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. అయినా పాల సంఘం పేరులోను, పాత కాగితాలలోను, జనం మాటలోను ఈ ప్రాంతం కృష్ణా జిల్లా మెట్టగానే నిలిచి ఉన్నది.

ప్రాంత స్వరూపం

విజయవాడ నుండి హైదరాబాదు వెళ్ళే జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరంలో నందిగామ, సుమారు 80 కిలోమీటర్ల దూరంలో జగ్గయ్యపేట ఉన్నాయి. నందిగామ దగ్గర మునేరు, జగ్గయ్యపేట దగ్గర పాలేరు ప్రవహించి కృష్ణా నదిలో కలుస్తాయి. నాగార్జున సాగర్ ఎడమ కాలువ చివరి భూములు కొన్ని ఇక్కడ ఉన్నాయి. చివరి భూములకు నీరు ఏ ఏడు ఎంత వస్తుందో ముందుగా చెప్పడం కష్టం. పత్తి, మిరప, కంది ప్రధానమైన మెట్ట పంటలు. కృష్ణా డెల్టా మాదిరిగా ఇంటింటా వరిగడ్డి వాములు ఉండవు. పూర్వం జొన్నచొప్ప పశువులకు ముఖ్యమైన మేతగా ఉండేది. పత్తి విస్తరించిన కొద్దీ జొన్న తగ్గింది, చొప్ప కూడా తగ్గింది. అందువలన మేత కొనుక్కోవలసి వచ్చిన కుటుంబానికి పాల మీద మిగిలేది డెల్టా రైతు కంటే తక్కువ.

అయినప్పటికీ మెట్ట రైతుకు పాడి విడువరానిది. పత్తి డబ్బు, మిర్చి డబ్బు సంవత్సరానికి ఒకసారి వస్తుంది. పాల డబ్బు పది పదిహేను రోజులకు ఒకసారి వస్తుంది. కిరాణా కొట్టు బాకీ, పిల్లల బడి ఖర్చు చాలా ఇళ్ళలో పాల బిల్లు మీదనే నడుస్తాయి. భూమి లేని కుటుంబాలు కూడా ఒకటి రెండు గేదెలను పెంచుతాయి. పాల పరిశ్రమలోని ఉద్యోగాలన్నిటికీ మూలాధారం ఈ ఒకటి రెండు గేదెల ఇళ్ళే.

చరిత్ర

ఆంధ్ర ప్రదేశ్‌లో వ్యవస్థీకృత పాల సేకరణ 1960వ దశకంలో యూనిసెఫ్ సహాయంతో ప్రారంభమైన సమగ్ర పాల పథకంతో ఊపందుకున్నది. దానిలో భాగంగా విజయవాడలో పాలపొడి కర్మాగారం 1969లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ తరం వారు విజయవాడ డెయిరీని ఇప్పటికీ "మిల్క్ ప్రాజెక్టు" అనడం ఈ కారణం చేతనే. 1974లో ఆంధ్ర ప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో దాని స్థానంలో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. గుజరాత్‌లోని ఆనంద్ నమూనాలో గ్రామ సంఘం, జిల్లా యూనియన్, రాష్ట్ర సమాఖ్య అనే మూడంచెల విధానం వచ్చింది. 1970 నుండి 1996 వరకు దేశమంతటా నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ పథకం ఈ నిర్మాణానికి ఊతమిచ్చింది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చిన తరువాత కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ ఆ చట్టం కిందికి మారింది. దీని ఉత్పత్తులు విజయ పేరుతో అమ్ముడవుతాయి.

ప్రైవేటు డెయిరీలకు దారి 1991 నాటి పారిశ్రామిక విధానంతో తెరుచుకొన్నది. 1992లో కేంద్ర ప్రభుత్వం పాలు, పాల పదార్థాల ఉత్తర్వును తెచ్చి పెద్ద కర్మాగారాలకు నమోదు తప్పనిసరి చేసింది. ఏ ప్రాంతంలో ఎవరు పాలు సేకరించాలనే హద్దులు 2002లో తొలగిపోయాయి. హెరిటేజ్ 1992లో, దొడ్ల 1995లో, తిరుమల 1998లో స్థాపించబడ్డాయి. తిరుమలను 2014లో ఫ్రాన్సు దేశపు లాక్టాలిస్ సంస్థ కొనుగోలు చేసింది. 1986లో స్థాపించబడిన జెర్సీ బ్రాండు యజమాని క్రీమ్‌లైన్ సంస్థలో 2015లో గోద్రెజ్ ఆగ్రోవెట్ అధిక వాటా తీసుకొన్నది. 2020 డిసెంబరులో అమూల్‌తో ఒప్పందం ద్వారా ప్రభుత్వం జగనన్న పాలవెల్లువ పథకాన్ని ప్రారంభించింది. పోటీ పెరగడం వలన రైతుకు పాలు పోయడానికి ఒకటికి రెండు చోట్లు దొరికాయి. ఉద్యోగాల సంఖ్య కూడా పెరిగింది, కాని ఉద్యోగ స్వరూపం మారిపోయింది. మొదటి తరంలో ప్రభుత్వ సంస్థలో చేరినవారు జీతపు స్కేలు, భవిష్యనిధి, పదవీ విరమణ వయస్సు గల ఉద్యోగులు. తరువాత వచ్చినవారిలో అధికులు కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు.

పాలు నడిచే దారి, ఆ దారిలోని పనులు

గ్రామంలోని పాల కేంద్రం

పని తెల్లవారు జామున మొదలవుతుంది. ఉదయం, సాయంత్రం రెండు పూటలా కేంద్రం తెరవాలి. పండుగ, ఆదివారం అనే భేదం లేదు. గేదెకు సెలవు లేదు కాబట్టి కేంద్రానికీ సెలవు లేదు. కేంద్రం నడిపే వ్యక్తిని సహకార సంఘంలో కార్యదర్శి అని, ప్రైవేటు డెయిరీలలో ఏజెంటు అని అంటారు. పాలు కొలవడం, నమూనా తీయడం, వెన్న శాతం చూడడం, పుస్తకంలో రాయడం, క్యాన్లు వ్యానుకు ఎక్కించడం ఇతని పని. కొన్ని చోట్ల పరీక్షకు వేరొకరు, క్యాన్లు కడగడానికి మరొకరు ఉంటారు. చిన్న కేంద్రాలలో అన్నీ ఒకరే.

వెన్న శాతం చూడడానికి పాత పద్ధతి గెర్బర్ పరీక్ష. ప్రత్యేకమైన గాజు గొట్టంలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోసి యంత్రంలో గిరగిర తిప్పితే వెన్న పైకి తేలి గీతల మీద కనబడుతుంది. పాలలో నీళ్ళు కలిశాయేమో లాక్టోమీటరుతో చూస్తారు. లాక్టోమీటరు అంకె, వెన్న శాతం తెలిస్తే వెన్న కాని ఘనపదార్థాలను, అనగా ఎస్.ఎన్.ఎఫ్.ను లెక్క కట్టవచ్చు. ఇప్పుడు చాలా కేంద్రాలలో క్షణాలలో అంకె చూపే విద్యుత్ యంత్రాలు ఉన్నాయి. యంత్రం వచ్చినంత మాత్రాన నేర్పు అవసరం తీరిపోలేదు. నమూనా తీసే ముందు పాలను బాగా కలపకపోయినా, యంత్రాన్ని కడగకపోయినా అంకె తప్పుతుంది.

ఆ అంకె విలువ ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది. కిలో వెన్నకు 700 రూపాయలు ధర అనుకొందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువు ఉంటాయి. 7 శాతం వెన్న గల 10 లీటర్ల గేదె పాలలో 0.721 కిలోల వెన్న ఉంటుంది. రైతుకు రావలసినది 504 రూపాయల 70 పైసలు. ఆ శాతం 6.9 అని నమోదైతే రైతు 7 రూపాయల 21 పైసలు నష్టపోతాడు. రోజుకు 200 లీటర్లు వచ్చే కేంద్రంలో అందరి పాలకూ 0.1 శాతం తక్కువ పడితే అది రోజుకు 144 రూపాయలు. ఏ రైతూ విడిగా గమనించనంత చిన్న తేడా అది. అందుకే గ్రామంలో పాల పరీక్ష చేసేవాని మీద నమ్మకం, అనుమానం రెండూ ఉంటాయి. ఇంత డబ్బు కళ్ళ ముందు నడిపే మనిషికి దొరికే ప్రతిఫలం చాలా స్వల్పం. చాలా చోట్ల ఇది జీతం కాదు, లీటరుకు ఇంత అని ఇచ్చే కమీషను. లీటరుకు రూపాయి చొప్పున 200 లీటర్లకు రోజుకు 200, నెలకు 6,000 రూపాయలు అవుతుంది. కేంద్రం అద్దె, కరెంటు బిల్లు, సహాయకుని కూలి ఒప్పందాన్ని బట్టి ఇందులో నుండే పోవచ్చు. పాలు తక్కువగా దొరికే వేసవిలో రాబడి కూడా ఆ మేరకు పడిపోతుంది. కమీషను మీద పనిచేసే ఏజెంటును డెయిరీలు సాధారణంగా తమ ఉద్యోగిగా లెక్కించవు కనుక భవిష్యనిధి, ఈ.ఎస్.ఐ. వంటివి అతనికి అందవు. ఈ పరిశ్రమలో అత్యంత బాధ్యత గల పనులలో ఒకటి ఇది, చట్టం నీడ అతి తక్కువగా పడేది కూడా దీని మీదనే.

వ్యాను, శీతలీకరణ కేంద్రం

పాలు పితికిన కొద్ది గంటలలో చల్లబరచకపోతే విరిగిపోతాయి. గ్రామాల నుండి క్యాన్లను వ్యానులు తీసుకొని శీతలీకరణ కేంద్రానికి గాని, కొన్ని ఊళ్ళకు కలిపి పెట్టిన బల్క్ కూలరుకు గాని చేరుస్తాయి. అక్కడ పాలను 4 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచి, ట్యాంకరులో కర్మాగారానికి పంపుతారు. 40 లీటర్ల క్యాను నిండితే, క్యాను బరువుతో కలిపి దాదాపు 50 కిలోలు. వ్యాను సహాయకుడు పూటకు ఎన్నో క్యాన్లు ఎత్తి దించాలి. నడుము నొప్పి ఈ పనివారికి సర్వసాధారణం. బల్క్ కూలర్లు, ట్యాంకర్లు పెరిగిన చోట క్యాన్ల మోత తగ్గింది, దానితోపాటు మోసే మనుషుల అవసరం కూడా తగ్గింది.

శీతలీకరణ కేంద్రంలో పాలు దించుకొనేవారు, నమూనాలు పరీక్షించే కెమిస్టు, శీతల యంత్రం నడిపే ఆపరేటరు, క్యాన్లు కడిగేవారు, కాపలాదారు ఉంటారు. వాసన చూసి, రుచి చూసి పాలు మంచివో కావో చెప్పగల అనుభవజ్ఞుల మాటకు కెమిస్టులు కూడా విలువనిస్తారు. ఈన్న తొలి రోజుల జున్నుపాలు, పులిసిన పాలు, సోడా కలిపిన పాలు ఇక్కడ తిరస్కరించబడతాయి. తిరస్కరణ జరిగిన రోజున గొడవ తప్పదు.

కర్మాగారం

పెద్ద కర్మాగారాలు విజయవాడ వైపు ఉన్నందున, ఈ మెట్ట ప్రాంతపు పాలలో అధిక భాగం ట్యాంకర్లలో బయటికి పోతుంది. ఉద్యోగాల దృష్ట్యా ఇది గమనించదగిన విషయం. యంత్రం నడిపే, ప్రయోగశాలలో పనిచేసే, కాస్త మెరుగైన జీతం గల పనులు పాలతోపాటే తరలిపోతాయి. సేకరణ, మోత, కడగడం వంటి పనులు ఇక్కడ మిగులుతాయి. నందిగామ నుండి రోజూ బస్సులో పోయి రావడం సాధ్యమే. జగ్గయ్యపేట నుండి రాత్రి షిఫ్టుకు పోయి రావడం కష్టం కాబట్టి, అక్కడివారు విజయవాడలో గది తీసుకొని ఉండవలసి వస్తుంది. గది అద్దె జీతంలో చెప్పుకోదగిన భాగాన్ని మింగుతుంది.

కర్మాగారంలో పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడి చేసి వెంటనే చల్లబరుస్తారు. దీనినే పాశ్చరీకరణ అంటారు. తరువాత వెన్న శాతాన్ని సరిచేస్తారు. టోన్డు పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డు పాలలో 4.5 శాతం, పూర్తి వెన్న పాలలో 6 శాతం ఉండాలి. గేదె పాలలో వెన్న ఎక్కువ కనుక మిగిలిన వెన్న నెయ్యి విభాగానికి పోతుంది. ప్యాకింగు పని ఎక్కువగా రాత్రి పూట జరుగుతుంది, ఎందుకంటే తెల్లవారే సరికి ప్యాకెట్లు బూతులకు చేరాలి. ప్యాకింగు యంత్రం దగ్గర నిలబడి ప్యాకెట్లను ట్రేలలో సర్దడం, ట్రేలను చల్లని గదిలోకి, అక్కడి నుండి వ్యానులలోకి ఎక్కించడం అధికంగా కాంట్రాక్టు కార్మికుల పని. చల్లని గదిలో పనిచేసి బయటి ఎండలోకి, మళ్ళీ లోపలికి తిరగడం వేసవిలో ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. పాశ్చరైజరు, బాయిలరు, అమ్మోనియా శీతల యంత్రం, పాలపొడి తయారుచేసే డ్రైయరు నడపడానికి అనుభవం, ధ్రువపత్రం గల ఆపరేటర్లు కావాలి.

చలికాలంలో పాల దిగుబడి హెచ్చుతుంది, వేసవిలో తగ్గుతుంది. హెచ్చిన పాలను పొడిగా మార్చి, కొరత కాలంలో నీటితో కలిపి వాడతారు. అందువలన పొడి విభాగంలోని తాత్కాలిక కార్మికులకు సంవత్సరం పొడుగునా ఒకే తీరున పని ఉండదు. మిరపకోతలు దాదాపు అదే చలికాలపు చివరలో మొదలవుతాయి. కోత కూలి బాగున్న ఏడు డెయిరీలకు దినసరి కూలీలు దొరకడం కష్టమవుతుంది. జయంతిపురం, ముక్త్యాల వద్ద గల సిమెంటు కర్మాగారాలు కూడా ఇదే యువకుల కోసం పోటీపడతాయి. అక్కడ ధూళి, ఇక్కడ రాత్రి పని.

వేతనాలు

ఒకే కర్మాగారంలో, ఒకే షిఫ్టులో, పక్కపక్కన పనిచేసే ఇద్దరికి వేర్వేరు వేతనాలు ఉండవచ్చు. వేతనం ఎంత అనే దాని కంటే ముందు ఎవరి ఉద్యోగి అనే ప్రశ్న వస్తుంది. యూనియన్ లేదా కంపెనీ స్వయంగా నియమించిన శాశ్వత ఉద్యోగికి మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, వార్షిక ఇంక్రిమెంటు ఉంటాయి. కాంట్రాక్టు కార్మికునికి సాధారణంగా కనీస వేతనమే గరిష్ఠ వేతనం అవుతుంది. పది సంవత్సరాల అనుభవం ఉన్నా, కాంట్రాక్టరు మారినప్పుడు కొత్తవాడుగా లెక్కించబడే ప్రమాదం ఉన్నది.

కనీస వేతనాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దానిలో మూల వేతనం, ధరల సూచిక ననుసరించి మారే కరువు భత్యం అని రెండు భాగాలు ఉంటాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరించబడుతూ వచ్చింది. కార్మికులు ఈ రెండు నెలలలో తమ చీటీని జాగ్రత్తగా చూసుకోవాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టం జాబితాలో చేర్చిన ఉపాధులకే వర్తించేది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల స్మృతి ప్రకారం ఏ ఉపాధిలోని ఉద్యోగికైనా కనీస వేతన హక్కు ఉన్నది. ఈ స్మృతిలో మరొక ముఖ్యమైన మార్పు కలదు. పూర్వం మూల వేతనాన్ని చిన్నదిగా చూపి, భత్యాలను పెద్దవిగా చూపి భవిష్యనిధి భారం తగ్గించుకొనే పద్ధతి ఉండేది. ఇప్పుడు భత్యాల వంటి మినహాయింపులు మొత్తంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి.

నెలకు 14,000 రూపాయల వేతనం గల కార్మికుని ఉదాహరణగా తీసుకొందాం. మొత్తం సొమ్మును వేతనంగానే లెక్కిస్తే భవిష్యనిధికి 12 శాతం చొప్పున 1,680 రూపాయలు, ఈ.ఎస్.ఐ.కి 0.75 శాతం చొప్పున 105 రూపాయలు కోతపడతాయి. చేతికి వచ్చేది 12,215 రూపాయలు. యజమాని తన వంతుగా భవిష్యనిధికి మరో 1,680 రూపాయలు, ఈ.ఎస్.ఐ.కి 3.25 శాతం చొప్పున 455 రూపాయలు కట్టాలి. యజమాని కట్టిన 1,680లో 8.33 శాతం వాటా అయిన 1,166 రూపాయలు పింఛను ఖాతాకు, మిగిలినది భవిష్యనిధికి చేరుతుంది. కొందరు కాంట్రాక్టర్లు యజమాని వంతును కూడా కార్మికుని కూలి నుండే కోస్తారు. ఇది చట్టవిరుద్ధం. చీటీలో భవిష్యనిధి కోత 12 శాతానికి మించి కనబడితే ఆ అనుమానం కలగాలి. కోసిన సొమ్ము నిజంగా జమ అయిందో లేదో తెలుసుకోవడానికి ప్రతి సభ్యునికి యు.ఎ.ఎన్. సంఖ్య ఉంటుంది. దాని ద్వారా ఫోనులోనే చూసుకోవచ్చు.

వారానికి 48 గంటలకు మించిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. పై ఉదాహరణలో నెల వేతనాన్ని 26 రోజులతో భాగిస్తే రోజుకు 538 రూపాయలు, 8 గంటలతో భాగిస్తే గంటకు 67 రూపాయలు వస్తుంది. అదనపు గంటకు ఇవ్వవలసినది 134 రూపాయలు. పండుగల ముందు పెరుగు, నెయ్యి గిరాకీ పెరిగినప్పుడు ఈ అదనపు గంటలు ఎక్కువగా పడతాయి. వాటిని హాజరు పుస్తకంలో రాయకుండా "తరువాత సెలవు ఇస్తాము" అని సర్దుబాటు చేయడం పలుచోట్ల కనబడే అలవాటు.

కాంట్రాక్టరు కూలి ఇవ్వకుండా పోతే ప్రధాన యజమానియే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కొత్త స్మృతిలో కూడా ఈ బాధ్యత కొనసాగింది. నెల వేతనం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. బోనసు 8.33 శాతానికి తక్కువ కారాదు, 20 శాతానికి మించదు. గ్రాట్యుటీ సంవత్సరానికి 15 రోజుల వేతనం చొప్పున లెక్కిస్తారు. 14,000 రూపాయల వేతనంతో పది సంవత్సరాలు పనిచేసినవారికి ఇది సుమారు 80,769 రూపాయలు. సాధారణంగా అయిదేళ్ళ సర్వీసు కావాలి. కొత్త స్మృతి ప్రకారం నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసేవారికి ఒక సంవత్సరమే చాలు. ఈ.ఎస్.ఐ. గల కార్మికులకు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న పెద్ద ఆసుపత్రి విజయవాడ గుణదలలో ఉన్నది.

స్త్రీల పని

పాల పరిశ్రమలో స్త్రీల శ్రమ ఎక్కువ, పేరు తక్కువ. మేత కోయడం, కుడితి పెట్టడం, పేడ ఎత్తడం, పాలు పితకడం చాలా ఇళ్ళలో స్త్రీలే చేస్తారు. ఈ పనికి వేతనమే లేదు. పాల కేంద్రం పుస్తకంలో పేరు తరచుగా భర్తది. కర్మాగారాలలో స్త్రీలు ప్యాకింగు, పాలకోవా, స్వీట్ల విభాగాలలో, ప్రయోగశాలలలో కనబడతారు. ఒకే పనికి ఒకే వేతనం అనేది 1976 నుండి చట్టంలో ఉన్నది. ఆచరణలో పురుషులకు "లోడింగు", స్త్రీలకు "హెల్పరు" అని పని పేరు మార్చి తేడా చూపడం జరుగుతూ ఉంటుంది. తెలంగాణలోని ములుకనూరులో స్త్రీలే సభ్యులుగా గల సహకార డెయిరీ 2002 నుండి పనిచేస్తున్నది. అక్కడ పుస్తకంలోని పేరు, పాల బిల్లు రెండూ స్త్రీలవే.

చదువులు, అర్హతలు

డెయిరీ టెక్నాలజీలో బి.టెక్. చదివినవారు షిఫ్టు ఇన్‌చార్జి, నాణ్యత నియంత్రణ అధికారి వంటి హోదాలలో చేరతారు. ఈ చదువుకు తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాల, తెలంగాణలో కామారెడ్డి కళాశాల ఉన్నాయి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల నుండి వచ్చిన పశువైద్యులు సేకరణ విభాగంలో, రైతు సేవలలో పనిచేస్తారు. రసాయన శాస్త్రం లేదా సూక్ష్మజీవ శాస్త్రంతో బి.ఎస్సీ. చేసినవారికి ప్రయోగశాల ఉద్యోగాలు లభిస్తాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, శీతలీకరణ మెకానిక్ కోర్సులు చేసినవారికి గిరాకీ ఎక్కువ. నందిగామ, జగ్గయ్యపేట యువకులు తక్కువ ఖర్చుతో కూలి పని నుండి ఆపరేటరు పనికి ఎదగడానికి ఈ కోర్సులు దగ్గరి దారి. బాయిలరు నడిపేవారికి ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులైన ధ్రువపత్రం తప్పనిసరి. ఆ పత్రం కర్మాగారం మారినా, బియ్యం మిల్లుకు పోయినా పనికివస్తుంది.

ప్రమాదాలు

శీతల యంత్రాలలో వాడే అమ్మోనియా ఘాటైన విషవాయువు. అది లీకైతే కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ఒక డెయిరీలో అమ్మోనియా లీకై పలువురు కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. వారిలో స్త్రీలు ఎక్కువ. అమ్మోనియా నీటిలో సులభంగా కరుగుతుంది కాబట్టి తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని, గాలికి ఎదురుగా కాక అడ్డంగా బయటికి పోవాలి. యంత్రాలను, గొట్టాలను కడగడానికి కాస్టిక్ సోడా, నైట్రిక్ ఆమ్లం వాడతారు. గ్రామ కేంద్రంలో గెర్బర్ పరీక్ష చేసేవారికి గంధకామ్లంతో రోజూ పని. ఆమ్లంలో పాలు నెమ్మదిగా పోయాలి, చేతి తొడుగులు వేసుకోవాలి, దగ్గరలో బకెట్టుతో నీళ్ళు ఉంచుకోవాలి. మురుగునీటి తొట్టెలోకి గాలి పరీక్ష చేయకుండా, తాడు లేకుండా దిగరాదు. లోపల పడినవానిని కాపాడబోయి రెండవవాడు, మూడవవాడు కూడా చనిపోవడం ఇటువంటి తొట్టెల ప్రమాదాలలో పదేపదే జరిగే విషయం. పని చేస్తుండగా గాయపడిన కార్మికునికి ఈ.ఎస్.ఐ. ఉంటే మొదటి రోజు సర్వీసు అయినా వైద్యం, నష్టపరిహారం వర్తిస్తాయి. ఈ.ఎస్.ఐ. లేని చోట నష్టపరిహారం యజమాని చెల్లించాలి. ప్రమాదం జరిగిన రోజున హాజరు పుస్తకంలో పేరు ఉండడం ముఖ్యం.